గ్యారీస్ మాడ్ కన్సోల్ కమాండ్లు: టైప్ చేయాలా, కీకి కట్టాలా, ఫైల్లో రాయాలా, యాడాన్‌కి వదిలేయాలా?

వస్తువులతో ఇష్టం వచ్చినట్టు కట్టి ఆడుకునే కంప్యూటర్ ఆట గ్యారీస్ మాడ్. అందులో గ్రావిటీ తగ్గించాలంటే చాలా దారులున్నాయి. క్యూ కీ నొక్కి, యుటిలిటీస్ ట్యాబ్‌లోకి వెళ్లి స్లైడర్ జరపొచ్చు. కన్సోల్ (కమాండ్లు టైప్ చేసే పెట్టె) తెరిచి ‘ఎస్‌వీ_గ్రావిటీ 200’ అని కొట్టొచ్చు. అదే లైన్‌ను ఒక కీకి కట్టేసి, కావాలనుకున్నప్పుడల్లా ఆ కీ నొక్కొచ్చు. సెట్టింగులు దాచే కాన్ఫిగ్ ఫైల్లో రాసిపెట్టొచ్చు. లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో స్క్రిప్టు కూడా రాయొచ్చు. ఏ దారిన వెళ్లినా మామూలుగా 600 ఉండే విలువ 200కి దిగుతుంది, అంతే. ఆ మార్పు ఎంతసేపు నిలుస్తుంది, ఎవరెవరికి వర్తిస్తుంది, రేపు మళ్లీ కావాలంటే ఎంత పని అన్న దగ్గరే తేడా వస్తుంది.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు కన్సోల్ జోలికే పోకుండా మెనూలో ఉండిపోతారు. కొంచెం అలవాటైనవాళ్లు ప్రతిదానికీ కన్సోలే తెరుస్తారు. ఇద్దరూ అవసరం లేని శ్రమే పడుతున్నారు. ఏ పనికి ఏ దారి సులువో చూద్దాం. ఒక చిన్న మాట ముందే: ఇక్కడ కమాండ్లన్నీ తెలుగు అక్షరాల్లో రాశాను. కన్సోల్‌లో మాత్రం ఇంగ్లిష్ స్పెల్లింగుతోనే కొట్టాలి, అండర్‌స్కోర్ గీత ఉన్నచోట గీతతో సహా. పెద్దక్షరాలా చిన్నక్షరాలా అన్న పట్టింపు లేదు.

ఆ కమాండ్ ఎవరి మెషీన్ మీద నడుస్తుంది?

ఈ ప్రశ్నకి జవాబు తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే. ‘కమాండ్ పనిచేయట్లేదు’ అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది.

గ్యారీస్ మాడ్ 2004 డిసెంబర్‌లో హాఫ్ లైఫ్ 2 అనే ఆటకి మాడ్‌గా (ఉన్న ఆటకి చేర్చే మార్పుగా) మొదలైంది. గ్యారీ న్యూమన్ తయారుచేసిన ఈ మాడ్ 2006 నవంబర్‌లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో విడిగా అమ్మకానికి వచ్చింది. ఆట విడిగా వచ్చినా లోపల నడిచేది వాల్వ్ వాళ్ల సోర్స్ ఇంజినే. అందుకే కన్సోల్‌లో రెండు రకాల కమాండ్లు కలిసిపోయి కనిపిస్తాయి. ఇంజిన్‌తో పాటు వచ్చినవి ఒక రకం, గ్యారీస్ మాడ్ తనకోసం చేర్చుకున్నవి రెండో రకం. పేరు మొదట్లో ఉన్న ముక్క చూస్తే ఏది ఏమిటో చాలావరకు తెలిసిపోతుంది.

‘ఎస్‌వీ’తో మొదలైతే సర్వర్‌కి, అంటే ఆటని నడిపే మెషీన్‌కి, సంబంధించింది. ‘సీఎల్’ అంటే క్లయింట్, అంటే మీ కంప్యూటర్. ‘మ్యాట్’, ‘ఆర్’ అన్నవి బొమ్మ గీసే విధానానికి చెందినవి, ఇవీ మీ కంప్యూటర్‌వే. ‘ఎస్‌బాక్స్’తో మొదలయ్యేవి శాండ్‌బాక్స్ మోడ్ (స్వేచ్ఛగా కట్టుకునే ఆట) నియమాలు, ఇవి సర్వర్ చేతిలో ఉంటాయి. ‘టీటీటీ’తో మొదలైతే ట్రబుల్ ఇన్ టెర్రరిస్ట్ టౌన్ మోడ్‌వి. ఆ మోడ్ నడుస్తున్నప్పుడే వాటితో పని.

మీరు ఒంటరిగా ఆడుతుంటే సర్వరూ మీరే, క్లయింటూ మీరే. కాబట్టి ఈ తేడా కంటికి కనిపించదు. స్నేహితుడి సర్వర్‌లో చేరిన క్షణం నుంచి కనిపిస్తుంది. అక్కడ మీ కన్సోల్‌లో ‘ఎస్‌వీ_గ్రావిటీ’ ఎంత మార్చినా ఏమీ జరగదు, ఇది సర్వర్ నడిపేవాళ్లు మాత్రమే మార్చగలరని ఒక లైన్ వస్తుంది. అప్పుడు కమాండ్ తప్పు కొట్టామేమో అని స్పెల్లింగ్ వెతుక్కుంటూ కూర్చోవడం దండగ. సర్వర్ నడిపేవాళ్లని అడగడం ఒక్కటే దారి.

కాబట్టి ఏ సలహా చదివినా ముందు చూడాల్సింది ఇదే. మీ కంప్యూటర్‌కి సంబంధించిన సెట్టింగ్ అయితే అన్ని దారులూ మీకు తెరిచే ఉన్నాయి. సర్వర్ సెట్టింగ్ అయితే మీకు అధికారం ఉన్నచోట మాత్రమే ఈ ఎంపికల ప్రశ్న వస్తుంది.

మెనూ చాలినప్పుడు మెనూయే

క్యూ మెనూలోని యుటిలిటీస్ ట్యాబ్‌ని చాలామంది తెరిచి కూడా చూడరు. కన్సోల్‌లో కొట్టే శాండ్‌బాక్స్ కమాండ్లలో తరచుగా వాడేవి అక్కడ టిక్కులుగా, స్లైడర్లుగా ఉంటాయి. గాడ్ మోడ్ (దెబ్బలు తగలకపోవడం), నోక్లిప్ (గోడల్లోంచి ఎగురుతూ వెళ్లడం) అనుమతి, ఆటగాళ్లు ఒకరినొకరు గాయపరచొచ్చా లేదా, ప్రాపుల (ఆటలో పుట్టించే వస్తువుల) పరిమితి, గ్రావిటీ, ఫిజిక్స్ వేగం అన్నీ. మీరు టిక్ పెట్టినప్పుడు లోపల మారేది అదే కమాండ్ విలువ. కాబట్టి మెనూ వాడితే ‘తక్కువ పవర్’ అనుకోనక్కర్లేదు.

మెనూకి ఒక మంచి గుణం ఉంది: ఏమేం మార్చొచ్చో మీకు ముందు తెలియకపోయినా ఫర్వాలేదు, కళ్ల ముందే ఉంటాయి. పేరు గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు, విలువ మరీ అసాధ్యంగా పెట్టే ప్రమాదం తక్కువ. ఎన్‌పీసీలు (కంప్యూటర్ నడిపే పాత్రలు) మీ మీద దాడి చేయకుండా ఆపడం, అసలు ఆలోచించకుండా బొమ్మల్లా నిలబెట్టడం లాంటివి కూడా మెనూ నుంచే అవుతాయి. అవే పనులకి కన్సోల్‌లో ‘ఏఐ_ఇగ్నోర్‌ప్లేయర్స్ 1’, ‘ఏఐ_డిజేబుల్డ్ 1’ ఉన్నాయి. ఎప్పుడో ఒకసారి కావాల్సిన పనికి ఈ పేర్లు కంఠస్థం చేయడం ఎందుకు?

పరిమితుల గురించి ఒక విషయం. ‘ఎస్‌బాక్స్_మ్యాక్స్‌ప్రాప్స్’ ఎలా పెంచాలని వెతికేవాళ్లలో కొందరు ఒంటరిగా ఆడేవాళ్లే. సింగిల్ ప్లేయర్‌లో ఆ పరిమితులు అసలు వర్తించవు. మల్టీప్లేయర్‌లో మీరే హోస్ట్ అయితే మార్చండి. విలువ సున్నాకన్నా తక్కువ పెడితే పరిమితి పూర్తిగా పోతుంది. నలుగురైదుగురు కలిసి కట్టే చోట అలా పెట్టమని మాత్రం చెప్పను, ఒక్కడు సరదాగా ప్రాపులు కుమ్మరిస్తే అందరి ఆటా ఆగిపోతుంది.

కన్సోల్‌లో స్వయంగా కొట్టడం

కన్సోల్ ముందు తెరుచుకోకపోతే ఆప్షన్స్‌లో కీబోర్డ్, అందులో అడ్వాన్స్‌డ్, అక్కడ డెవలపర్ కన్సోల్‌కి టిక్ పెట్టండి. తర్వాత ట్యాబ్ కీకి పైనున్న టిల్డా కీ నొక్కితే తెరుచుకుంటుంది. మీ కీబోర్డ్ అమరిక వేరైతే ఆ కీ స్పందించకపోవచ్చు. అప్పుడు స్టీమ్‌లో లాంచ్ ఆప్షన్స్‌లో హైఫన్ పెట్టి ‘కన్సోల్’ అని రాస్తే సరిపోతుంది.

కన్సోల్ అసలు బలం మార్చడంలో కన్నా తెలుసుకోవడంలో ఉందంటాను. ఏదైనా సెట్టింగ్ పేరు మాత్రమే కొట్టి, విలువ రాయకుండా ఎంటర్ నొక్కండి. ఇప్పుడున్న విలువ, మొదట ఉండే విలువ, అది దేనికో ఒక లైన్ వివరణ కనిపిస్తాయి. పేరు సగమే గుర్తుంటే ‘ఫైండ్’ అని కొట్టి ఆ సగం ముక్క రాయండి, ఆ ముక్క ఉన్న కమాండ్లన్నీ వరసగా వస్తాయి. ‘ఫైండ్ ఎస్‌బాక్స్’ అని ఒకసారి కొట్టి చూస్తే శాండ్‌బాక్స్ నియమాలన్నీ మీ ముందుంటాయి. కాపీ కొట్టిన జాబితాలకన్నా ఇది నమ్మదగినది, ఎందుకంటే మీ దగ్గర ఉన్న వెర్షన్‌లో నిజంగా ఉన్నవే ఇక్కడ కనిపిస్తాయి.

ఒకసారితో అయిపోయే పనులకి కన్సోల్ సరైన చోటు. మ్యాప్ మార్చడం, ఎవరెవరు ఆడుతున్నారో ‘స్టేటస్’తో చూడడం, మెనూలో దొరకని విచిత్రమైన పనులు. ఉదాహరణకి ‘పోస్టర్ 2’ అని కొడితే తెర సైజుకన్నా పెద్ద రిజల్యూషన్‌లో స్క్రీన్‌షాట్ వస్తుంది. మంచి సీన్ కట్టి ఫొటో తీసుకునేవాళ్లకి ఇది బంగారం లాంటి కమాండ్, అయినా దీన్ని వాడేవాళ్లు తక్కువే.

రెండు కమాండ్లు ఒకేసారి ఇవ్వాలంటే మధ్యలో సెమీకోలన్ పెట్టండి. మధ్యలో ఖాళీ (స్పేస్) ఉన్న పేరునో వాక్యాన్నో ఇవ్వాలంటే కోట్స్‌లో పెట్టండి. అయితే కోట్స్ లోపల మళ్లీ కోట్స్ పనిచేయవు. ఈ ఒక్క పరిమితి తర్వాత చెప్పే బైండ్ల (కీకి కట్టిన కమాండ్ల) దగ్గర మనల్ని కొంచెం ఇబ్బంది పెడుతుంది.

చీట్స్ తెరవాలా వద్దా?

కొన్ని కమాండ్లు కొట్టగానే ‘ఎస్‌వీ_చీట్స్ 1’ ఉంటే తప్ప వాడలేరన్న సందేశం వస్తుంది. ఇది చాలామంది ఆలోచించకుండా తీసుకునే నిర్ణయం. సందేశం రాగానే చీట్స్ ఆన్ చేసేస్తారు.

ఒంటరిగా ఆడుతుంటే ఆన్ చేసుకోండి, దాంతో ఎవరికీ నష్టం లేదు. కానీ మల్టీప్లేయర్‌లో చీట్స్ ఆన్ అంటే మీ ఒక్కరికే కాదు, సర్వర్‌లో ఉన్న అందరికీ ఆన్. గోడల వెనకున్నవి గీతల్లో కనిపించే ‘మ్యాట్_వైర్‌ఫ్రేమ్’ అందరూ వాడొచ్చు, ఆయుధాలన్నీ తెచ్చుకునే ‘ఇంపల్స్ 101’ అందరూ వాడొచ్చు, మ్యాప్‌లోని వస్తువులకి ఆజ్ఞలిచ్చే ‘ఎంట్_ఫైర్’ కూడా. అపరిచితులు వచ్చే సర్వర్‌లో చీట్స్ ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉంచాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇంకో సంగతి, మళ్లీ ‘ఎస్‌వీ_చీట్స్ 0’ పెట్టగానే చీట్ గుర్తున్న సెట్టింగులన్నీ వాటి మొదటి విలువలకి వెళ్లిపోతాయి. ‘చీట్స్ ఆన్ చేసి, కావాల్సింది మార్చి, వెంటనే ఆఫ్ చేస్తే సరి’ అన్న ఉపాయం అందుకే పారదు.

చాలాసార్లు చీట్స్ లేకుండానే పని అయిపోతుంది. హాఫ్ లైఫ్ 2లో నోక్లిప్‌కి చీట్స్ కావాలి. గ్యారీస్ మాడ్ శాండ్‌బాక్స్‌లో వి నొక్కితే చాలు, ‘ఎస్‌బాక్స్_నోక్లిప్ 1’ అని ఉంటే. దెబ్బలు తగలకుండా ఉండాలంటే ‘ఎస్‌బాక్స్_గాడ్‌మోడ్ 1’ ఉంది. ఇక స్లో మోషన్ సంగతి. వెతికితే అందరూ ‘హోస్ట్_టైమ్‌స్కేల్’ చెబుతారు, దానికి చీట్స్ కావాలి. అది ఆట మొత్తాన్ని, మీతో సహా, నెమ్మదింపజేస్తుంది. మీరు కట్టిన టవర్ కూలడం నిదానంగా చూడాలన్నదే కోరికైతే ‘ఫిస్_టైమ్‌స్కేల్ 0.2’ వాడండి. వస్తువుల ఫిజిక్స్ మాత్రమే నెమ్మదిస్తుంది. మీరు మామూలు వేగంతో దాని చుట్టూ తిరుగుతూ చూడొచ్చు. చీట్స్ అవసరం లేదు. కట్టడాలు కూల్చి చూసే సరదా ఉన్నవాళ్లకి నేను రెండోదే చెబుతాను. వీడియో కోసం మొత్తం సీన్ నెమ్మదించాలంటే మాత్రం మొదటిదే.

కీకి కట్టడం: ఎక్కువ లాభం ఇక్కడే

రోజూ కట్టడాలు చేసేవాళ్లకి కన్సోల్ కన్నా, మెనూ కన్నా, బైండ్ బాగా ఉపయోగపడుతుంది. టూల్ గన్ అనే కట్టే పరికరంతో పనిచేసేటప్పుడు వెల్డ్ (అతికించడం) నుంచి రోప్‌కి (తాడుతో కట్టడానికి), రోప్ నుంచి మళ్లీ వెల్డ్‌కి మారుతూ ఉంటాం. మారిన ప్రతిసారీ క్యూ మెనూ తెరిచి జాబితాలో వెతకడం విసుగు. కన్సోల్‌లో ఒకసారి ‘బైండ్ జె’ అని, కోట్స్‌లో ‘జీమాడ్_టూల్ వెల్డ్’ అని కొట్టండి. ఇక జె నొక్కగానే టూల్ గన్ చేతిలోకి వెల్డ్ మోడ్‌తో వస్తుంది. మీరు తరచుగా వాడే మూడు నాలుగు టూల్స్‌కి ఇలా చేసుకుంటే కట్టే వేగం స్పష్టంగా పెరుగుతుంది. ఒక్కసారి చేస్తే చాలు, బైండ్లు కాన్ఫిగ్ ఫైల్లో తమంతట తామే సేవ్ అవుతాయి, ఆట మూసి తెరిచినా ఉంటాయి.

రెండో మంచి బైండ్, అత్యవసరానికి. మీరు హోస్ట్ చేస్తున్నప్పుడు ఎవరైనా వందల ప్రాపులు ఒకేచోట పుట్టించి ఆట గడ్డకట్టేలా చేస్తే, మెనూలోని క్లీనప్ బటన్ దాకా వెళ్లడమే గండం అవుతుంది. మౌస్ కదలదు, మెనూ తెరుచుకోదు. ‘జీమాడ్_అడ్మిన్_క్లీనప్’ని ఒక దూరపు కీకి కట్టుకుని ఉంటే ఒక్క నొక్కుతో మ్యాప్ శుభ్రం. దూరపు కీ అని ఎందుకన్నానంటే, పొరపాటున నొక్కితే అందరి కట్టడాలూ పోతాయి. మీవి మాత్రమే తుడవాలంటే ‘జీమాడ్_క్లీనప్’ వేరే ఉంది, ఈ రెండు పేర్లూ కలగాపులగం చేయకండి.

ఏ కీలు వాడాలన్నది కూడా ఎంపికే. నంబర్ ప్యాడ్ జోలికి వెళ్లకండి, ఎందుకంటే థ్రస్టర్లు, చక్రాలు, బటన్లు లాంటి టూల్స్ తమ నియంత్రణకి ఆ కీలనే అడుగుతాయి. ఎఫ్1 నుంచి ఎఫ్4 వరకు గేమ్ మోడ్‌లు తమ సహాయ తెరలకి, జట్టు మెనూలకి వాడుకుంటాయి. అక్షరాల్లో ఖాళీగా ఉన్నవి, లేదా మౌస్‌కి పక్కనున్న అదనపు బటన్లు క్షేమం.

ఇక నొక్కి పట్టుకున్నంతసేపే పనిచేసే బైండ్. ఇది చాలామందికి తెలియదు, తెలిస్తే వదలరు. ‘ఏలియాస్’ కమాండ్‌తో మీరే కొత్త పేర్లు పుట్టించొచ్చు. ప్లస్ గుర్తుతో ‘స్లో’ అన్న పేరుకి ‘ఫిస్_టైమ్‌స్కేల్ 0.2’, మైనస్ గుర్తుతో అదే ‘స్లో’కి ‘ఫిస్_టైమ్‌స్కేల్ 1’ ఇవ్వండి. తర్వాత ఒక కీని ప్లస్ ఉన్న పేరుకి కట్టండి. కీ నొక్కి పట్టుకుంటే స్లో మోషన్, వదిలేస్తే మామూలు వేగం. మైనస్ పేరుని విడిగా కట్టక్కర్లేదు, కీ వదలగానే ఇంజిన్ దాన్ని వెతుక్కుని నడుపుతుంది. కోట్స్ లోపల కోట్స్ కుదరవన్న ఇబ్బందికి కూడా ఏలియాసే మందు: క్లిష్టమైన వరసని ముందు ఒక పేరుగా మార్చి, ఆ పేరుని కీకి కట్టడం.

ఒక్క షరతు. బైండ్లు తమంతట తాము సేవ్ అవుతాయి గానీ ఏలియాస్‌లు కావు. ఆట మూయగానే పోతాయి. కీ మాత్రం ఇంకా ఆ పేరుకే కట్టి ఉంటుంది, నొక్కితే తెలియని కమాండ్ అంటుంది. ‘నిన్న పనిచేసింది, ఇవాళ చేయట్లేదు’ అన్న ఫిర్యాదుకి ఇదొక కారణం. దీనికి పరిష్కారం కాన్ఫిగ్ ఫైల్.

కాన్ఫిగ్ ఫైల్లో రాసిపెట్టడం

గ్యారీస్ మాడ్ ఫోల్డర్లో ‘గ్యారీస్‌మాడ్’ అనే లోపలి ఫోల్డర్, అందులో ‘సీఎఫ్‌జీ’ ఫోల్డర్ ఉంటుంది. అక్కడ ‘ఆటోఎగ్జెక్’ పేరుతో, సీఎఫ్‌జీ ఎక్స్‌టెన్షన్‌తో ఒక ఫైల్ పెడితే ఆట మొదలైనప్పుడల్లా అందులోని లైన్లన్నీ నడుస్తాయి. ఏలియాస్‌లకి ఇదే సరైన ఇల్లు. విండోస్‌లో నోట్‌ప్యాడ్‌తో ఫైల్ చేస్తే చివర టీఎక్స్‌టీ అని అంటుకునే ప్రమాదం ఉంది. విండోస్ ఎక్స్‌టెన్షన్లని దాచిపెట్టడం వల్ల అది కంటికి కనిపించదు. ఫైల్ పెట్టినా ఏమీ జరగకపోతే ముందు అది చూడండి.

మీ సొంత సెట్టింగులకి ఆటోఎగ్జెక్. సర్వర్ నియమాలకి అది సరైన చోటు కాదు. డెడికేటెడ్ సర్వర్ (ఆటని నడపడానికే విడిగా పెట్టిన సర్వర్) నడుపుతుంటే అదే ఫోల్డర్లోని ‘సర్వర్’ అనే సీఎఫ్‌జీ ఫైల్ ఉంది. అది మ్యాప్ మారినప్పుడల్లా మళ్లీ నడుస్తుంది. దీనివల్ల లాభమూ ఉంది, తికమకా ఉంది. సర్వర్ కన్సోల్‌లో మీరు ప్రాపుల పరిమితి పెంచారనుకోండి, మ్యాప్ మారగానే ఫైల్లో ఉన్న పాత సంఖ్యే తిరిగొస్తుంది. ఈ గంటకి మాత్రమే కావాలంటే కన్సోల్‌లో మార్చండి, అది తనంతట తనే పాత స్థితికి వెళ్లిపోవడం మంచిదే. ఎప్పటికీ కావాలంటే ఫైల్లో మార్చండి. రెండూ కలిపి వాడితే ఏ విలువ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని పరిస్థితి వస్తుంది.

వేర్వేరు సందర్భాలకి వేర్వేరు ఫైళ్లు కూడా పెట్టుకోవచ్చు. కట్టడాల రోజుకి ఒకటి, యుద్ధం ఆట రోజుకి ఒకటి రాసి, అవసరమైనప్పుడు ‘ఎగ్జెక్’ అని కొట్టి ఫైల్ పేరు ఇస్తే ఆ సెట్టింగులన్నీ ఒకేసారి వచ్చేస్తాయి.

నలుగురు ఆడే సర్వర్‌లో: కన్సోలా, ఆర్‌కానా, యూఎల్‌ఎక్సా?

ఇక్కడ సమస్య సెట్టింగులు కాదు, మనుషులు. ఎవరినైనా పంపించేయాలి, కొంతకాలం రానివ్వకూడదు, ఇంకొకరికి కొన్ని అధికారాలే ఇవ్వాలి.

తెలిసిన స్నేహితులు ముగ్గురు నలుగురే అయితే ఏ యాడానూ (ఆటకి విడిగా చేర్చుకునే భాగమూ) వద్దు. హోస్ట్ మీరే కాబట్టి మీరే అడ్మిన్, ఇంజిన్‌లోని ‘కిక్’ చాలు. అదీ సరదాకే వాడతారు.

అపరిచితులు వచ్చే సర్వర్ అయితే ఇంజిన్ కమాండ్ల లోటు తెలిసొస్తుంది. నిషేధించడం చూడండి. ‘బ్యాన్‌ఐడీ’కి నిమిషాలు ఇవ్వాలి, సున్నా అంటే శాశ్వతం. తర్వాత ‘రైట్‌ఐడీ’ అని విడిగా కొట్టకపోతే ఆ జాబితా ఫైల్లోకి వెళ్లదు. సర్వర్ ఆగి మళ్లీ లేస్తే నిషేధితుడు హాయిగా తిరిగొస్తాడు. మొదలయ్యేటప్పుడు ఆ ఫైల్‌ని చదవమని కూడా మీరే చెప్పాలి. ఎందుకు నిషేధించామో రాసుకునే చోటు లేదు.

యూఎల్‌ఎక్స్ యాడాన్‌లో నిషేధం అంటే పేరు, నిమిషాలు, కారణం ఒకే లైన్‌లో. అది నడవాలంటే యూలిబ్ అనే రెండో యాడాన్ కూడా ఉండాలి, మర్చిపోకండి. కన్సోల్ తెరవక్కర్లేకుండా చాట్‌లో ఆశ్చర్యార్థకం పెట్టి కమాండ్ కొట్టొచ్చు, ఉదాహరణకి ఆ గుర్తు తర్వాత ‘మెనూ’ అంటే బటన్లతో తెర వస్తుంది. ఆటగాడి పేరు పూర్తిగా కొట్టనక్కర్లేదు, మొదటి కొన్ని అక్షరాలు చాలు. పేరు బదులు నక్షత్రం గుర్తు పెడితే అందరూ అని, పైకి చూసే బాణం లాంటి క్యారెట్ గుర్తు పెడితే నేనే అని అర్థం. వింత అక్షరాలతో పేరు పెట్టుకున్న ఆటగాడిని ‘స్టేటస్’లో వెతికి అంకె పట్టుకోవడం కన్నా ఇది ఎంతో హాయి.

అన్నిటికన్నా ముఖ్యం గుంపులు. సూపర్‌అడ్మిన్, అడ్మిన్, ఆపరేటర్, యూజర్ అని అంచెలుంటాయి. ఒకరికి కిక్ చేసే అధికారం ఇచ్చి, నిషేధించే అధికారం ఇవ్వకుండా ఉండొచ్చు. ఆర్‌కాన్‌లో ఇది కుదరదు. ఆర్‌కాన్ అంటే పాస్‌వర్డ్‌తో దూరం నుంచి సర్వర్ కన్సోల్‌ని నడపడం. పాస్‌వర్డ్ తెలిసిన ప్రతివాళ్లకీ సర్వర్ మీద పూర్తి అధికారమే. పైగా ఆ పాస్‌వర్డ్ నెట్‌వర్క్‌లో గుప్తంగా కాకుండా ఉన్నదున్నట్టే వెళ్తుంది. కాబట్టి సాయం చేసే అడ్మిన్లకి ఆర్‌కాన్ పాస్‌వర్డ్ పంచడం అనే ఆలోచనే వద్దు. యజమాని ఒక్కరి దగ్గర, యాడాన్ చెడిపోయిన రోజుకి అక్కరకొచ్చేలా ఉంచండి. రోజువారీ పనికి యూఎల్‌ఎక్స్.

యూఎల్‌ఎక్స్ వేసినా సర్వర్ ఫైల్ పని పోదు. పరిమితులు, గ్రావిటీ, సర్వర్ పేరు ఫైల్లోనే ఉంచడం మేలు. మనుషుల పని యాడాన్‌కి, నియమాల పని ఫైల్‌కి అన్న విభజన పాటిస్తే ఏడాది తర్వాత చూసినా మీ సర్వర్ మీకే అర్థమవుతుంది.

లువా ఎప్పుడు?

కమాండ్‌కి షరతులు తెలియవు. ‘ఆటగాడు నీళ్లలో ఉంటేనే’, ‘పది మంది దాటితేనే’, ‘ప్రతి అయిదు నిమిషాలకి’ అన్న మాటలు మీ కోరికలో వస్తే లువా కావాలి. అవి రాకపోతే లువా పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

రుచి చూడడానికి కన్సోల్‌లో ‘లువా_రన్’ అని కొట్టి ఒక లైన్ రాయొచ్చు, అది సర్వర్ వైపు నడుస్తుంది. మీ కంప్యూటర్ వైపు నడిపే ‘లువా_రన్_సీఎల్’కి సర్వర్‌లో ‘ఎస్‌వీ_అలౌసీఎస్‌లువా 1’ అని ఉండాలి. పబ్లిక్ సర్వర్లలో దాన్ని సున్నాలోనే ఉంచుతారు, ఉంచాలి కూడా. లేకపోతే ఆటగాళ్లు తమకి ఇష్టమైన మోసపు స్క్రిప్టులు నడుపుకోవచ్చు. నిలిచి ఉండాల్సిన స్క్రిప్టుని ‘లువా’ ఫోల్డర్లోని ‘ఆటోరన్’లో పెడతారు. అలా మీ సొంత కన్సోల్ కమాండ్ కూడా తయారుచేసుకోవచ్చు, దాన్ని మళ్లీ కీకి కట్టుకోవచ్చు.

రాయడం మొదలుపెట్టే ముందు స్టీమ్ వర్క్‌షాప్‌లో ఒకసారి వెతకండి. 2012లో గ్యారీస్ మాడ్ 13 వచ్చినప్పటి నుంచి వర్క్‌షాప్ ఆటలో భాగమే. మీకొచ్చిన ఆలోచనే ఎవరో ఒకరు యాడాన్‌గా చేసిపెట్టి ఉండే అవకాశం ఎక్కువ.

ఎవరో ఇచ్చిన కమాండ్ల జాబితాలు

ఎఫ్‌పీఎస్ (సెకనుకి తెర మీద మారే బొమ్మల సంఖ్య) పెరుగుతుందంటూ ఇరవై లైన్ల జాబితాలు తిరుగుతుంటాయి. మొత్తం కాపీ చేసి ఆటోఎగ్జెక్‌లో పోసేయకండి. అందులో కొన్ని ఇప్పటికే అదే విలువలో ఉంటాయి, కొన్ని వేరే సోర్స్ ఆటలవి, ఇక్కడ అసలు ఉండవు. ‘నెట్_గ్రాఫ్ 1’ ఆన్ చేసి, ఒక్కో లైన్ కొట్టి, ఎఫ్‌పీఎస్ అంకె కదిలిందో లేదో చూసి, కదిలినవే ఉంచుకోండి. కొట్టే ముందు పాత విలువ ఎంతో చూసి రాసుకుంటే వెనక్కి రావడం తేలిక.

చాట్‌లో ఎవరైనా ‘ఇది కొట్టు, ల్యాగ్ పోతుంది’ అంటే ఇంకా జాగ్రత్త. ‘అన్‌బైండ్‌ఆల్’ అలాంటి పాత చిలిపి పని. కొట్టగానే మీ కీలన్నీ ఊడిపోతాయి, నడవడం కూడా కుదరదు. అలా జరిగితే ఆప్షన్స్‌లో కీబోర్డ్‌కి వెళ్లి ‘యూజ్ డిఫాల్ట్స్’ నొక్కితే మామూలు కీలు తిరిగొస్తాయి. మీరు కట్టుకున్న సొంత బైండ్లు మాత్రం రావు. వాటిని కూడా ఆటోఎగ్జెక్‌లో రాసుకుని ఉంటే, కన్సోల్‌లో ‘ఎగ్జెక్ ఆటోఎగ్జెక్’ అని కొట్టగానే అవీ వచ్చేస్తాయి.